నెలకు రెండడుగులు

అపరూప పరిషత్తు తయారుచేసిన విమానం ఇంతవరకు ఒక్కటీ కూలలేదు. ఆ సంగతి పరిషత్తు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఒక్కటీ ఎగరలేదన్న సంగతి రాయడానికి గోడ చాలలేదు.

అపరూప అంటే ఇక్కడ అరుదైనదని కాదు. అసాధారణ పయన రూపకల్పన పరిషత్తు అన్న నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే అలా వచ్చింది. అలా వచ్చినందుకు మాత్రం ఒక సభ చేసుకున్నారు. మామూలు విమానాలు ఎగరలేని చోట ఎగిరే విమానాలకు కాగితం మీద రూపం ఇవ్వడం ఈ ఆఫీసు పని. ఇసుక తుఫానులో ఎగిరే విమానం, అగ్నిపర్వతం పొగలో ఎగిరే విమానం, గాలే లేని చోట ఎగిరే విమానం బీరువాల్లో క్షేమంగా ఉన్నాయి. గోదావరి గట్టున ఇసుక తుఫాను ఎప్పుడొస్తుందని ఎవరూ అడగలేదు. వస్తే మటుకు పరిషత్తు సిద్ధంగా ఉంది.

పుల్లేటి హైమవతి అక్కడ ప్రధాన రూపశిల్పి. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో పదిహేడు విమానాలు గీసింది. వాటిలో ఒక్కదాని రెక్కనైనా చేత్తో తాకి చూడాలని ఆవిడ కోరిక. అది అత్యాశని తెలిసి ఊరుకుంది. బుల్లియ్య రాకపోతే అలాగే రిటైరయ్యేది కూడా.

పడాల బుల్లియ్య నక్కెరలంకలో రేవు పడవ నడుపుతాడు. అరవై దాటిన మనిషి. చెప్పులు గుమ్మం బయటే విడిచి, హైమవతి బల్ల ముందు నిలబడ్డాడు.

"బయట బోర్డు మీద రాసుందంటండి, అసాదారన పరిస్తితుల్లో ఎగిరే ఇమానాలు సేత్తారని. మాదీ అసాదారన పరిస్తితేనండి. ఏటా వత్తాది."

నక్కెరలంక చుట్టూ గోదావరి. శ్రావణంలో వరదొస్తే వారం పదిరోజులు పడవలు కట్టేస్తారు. ఊరంతా ఉన్న ఒక్క మట్టిదిబ్బ ఎక్కుతుంది. మెట్ట కోసం పాములూ అక్కడికే వస్తాయి. మొన్నటి వరదలో బుల్లియ్య భార్య చంద్రమ్మను ఆ దిబ్బ మీదే పాము కరిచింది. వద్దంటున్నా పడవ విప్పి, నాలుగు గంటలు తెడ్డేసి, ఆవిడను గట్టుకు చేర్చాడు. చేర్చేసరికి మనిషి లేదు.

"నలబై ఏళ్ళు ఊరందర్నీ దాటించేనండి," అన్నాడు.

హైమవతి ఆ రోజు అన్నం తినలేదు. ఇసుక తుఫానుల కోసం ఇరవై రెండేళ్ళు ధారపోసినందుకు ఆవిడకు మొదటిసారి సిగ్గేసింది. మర్నాటి నుంచి పద్దెనిమిదో విమానం మొదలుపెట్టింది. పొట్టి రెక్కలు, పన్నెండు సీట్లు. పైకి పోదు. నీరైనా ఇసుకైనా దాన్ని ఆనుకొని పోతుంది, రెక్కల కింద చిక్కబడ్డ గాలే దానికి పరుపు. నక్కెరలంక నుంచి గట్టుకు ఆరు నిమిషాలు. వచ్చే శ్రావణానికల్లా లంకలో ఉండాలని గీతలన్నీ పది రోజుల్లో పూర్తిచేసింది. మొదటి పేజీలో, ముఖ్య లక్షణం అన్న గడిలో ఒక్క వాక్యం రాసింది: విమానం నేలకు రెండు అడుగుల ఎత్తు ఎగరాలి.

ఆ ఏడాది పరిషత్తుకు మాతృభాష మీద ప్రేమ పుట్టింది. పుట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పత్రాలన్నీ తెలుగులోనే ఉండాలి, పరిషత్తుకు కేటాయించిన మాతృభాషా కంప్యూటరు మీదే కొట్టాలి, చేతిరాత చెల్లదు, మరో భాషలో ఉన్నది అసలే చెల్లదు. హైమవతికి ఉత్తర్వు నచ్చింది. తన భాషలో విమానం గీసుకోవడం కన్నా కావలసిందేముంది. చిక్కల్లా కంప్యూటరుకే ఉంది.

దాని కీబోర్డులో ఏత్వం మీట పోయింది. టైపిస్టు గవరయ్య తప్పేమీ లేదు. ఆఫీసులో ఏ ఉత్తరం చూసినా 'తెలియజేయడమైనది' అనో 'ఆదేశించడమైనది' అనో ముగుస్తుంది కదా. వేలకు వేలు తెలియజేసి తెలియజేసి, ఆదేశించి ఆదేశించి ఆ మీట అరిగి ఊడిపోయింది. గవరయ్య కొన్నాళ్ళు బాధపడి, అన్న లేని చోట తమ్ముడితో సరిపెట్టుకోవడం నేర్చుకున్నాడు. ఏత్వం రావలసిన చోటల్లా ఎత్వం పెట్టేవాడు. మేము మెము అయింది, కేంద్రం కెంద్రం అయింది. అర్థం చెడనంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. అర్థం చెడిన మొదటి రోజు కూడా ఎవరూ పట్టించుకోలేదు.

ఉన్నత స్థాయి సంఘం ముందుకు హైమవతి పత్రం ఇలా వెళ్ళింది: విమానం నెలకు రెండు అడుగుల ఎత్తు ఎగరాలి.

సంఘం సభ్యులు మొదటి పేజీ దాటి చదవరు. అది వారి హోదాకు సంబంధించిన విషయం. చదివిన ఆ ఒక్క వాక్యం వాళ్ళను కదిలించింది. సభ అయ్యాక పరిషత్తు కార్యదర్శి వేమవరపు త్రివిక్రమరావు హైమవతిని గదికి పిలిపించి శాలువా కప్పాడు.

"అమ్మా, ప్రపంచంలోని విమాన ప్రమాదాలన్నిటికీ మూలకారణం వేగమని సంఘం సుదీర్ఘంగా చర్చించి నిర్ధారణకు వచ్చింది. మీరు ఆ మూలాన్నే పెకలించారు. నెలకు రెండడుగులు. తొందరపాటుకు తావు లేని విమానం. ఆమోదం లభించినట్లుగా తెలుపుటకు సంతోషిస్తున్నాను."

హైమవతి పత్రం చూసింది. శాలువా తీసి కుర్చీ మీద పెట్టింది.

"సార్, ఇది నెల కాదండి, నేల. దీర్ఘం పోయింది."

"ఆమోదముద్ర పడిన పత్రంలో అక్షరం మార్చడానికి నాకు అధికారం లేదమ్మా."

"విమానం నెలకు రెండడుగులు ఎలా లేస్తుందండి? అంత నెమ్మదిగా లేచేది పుట్ట తప్ప ఇంకోటి లేదు."

"మీరు అనవసరంగా దీర్ఘాలు తీస్తున్నారు," అన్నాడు త్రివిక్రమరావు నొచ్చుకుంటూ. "సవరణ కావాలంటే సవరణ పత్రం పెట్టుకోండి. నియమావళి ఎవరికీ అడ్డం కాదు."

సవరణ పత్రం పెట్టింది. గవరయ్య ఒళ్ళు దగ్గర పెట్టుకొని కొట్టాడు. అది సంఘం ముందుకు ఇలా వెళ్ళింది: 'నెలకు' అని ఉన్న చోట 'నెలకు' అని సవరించి చదువుకోగలరు.

సంఘం దాని మీద గంటన్నర ఆలోచించింది. ఉన్న మాట స్థానంలో ఉన్న మాటనే కోరుతున్నందున సవరణ అవసరం కనిపించడం లేదని, అయినా రూపశిల్పి గారి భాషా నిష్ఠ మెచ్చుకోదగినదని రాసి, సవరణను పెండింగులో ఉంచింది.

ఇక మీటే మార్పించాలని సామగ్రి విభాగానికి ఉత్తరం పెట్టించింది హైమవతి. 'మా కీబోర్డులో ఎత్వం మీట పనిచెయడం లెదు. కొత్తది ఇప్పించగలరని మనవి చెయడమైనది.' మూడు వారాలకు జవాబు వచ్చింది. మీ లేఖలోనే నాలుగు చోట్ల ఎత్వం చక్కగా పడినట్లు గమనించడమైనది, ప్రభుత్వ కాలాన్ని ఇకపై వృథా చేయవద్దని హెచ్చరించడమైనది.

"చూశారా," అన్నాడు త్రివిక్రమరావు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు."

హైమవతికి వెంటనే తట్టింది. ఇదే మాట గవరయ్య కొడితే అడుసు తొక్క ఒక నెల, కాలు కడగ ఇంకో నెల అవుతుంది. ఆఫీసు నడుస్తున్న తీరు చూస్తే అదే సరైన లెక్కలా ఉంది.

సెప్టెంబరు మొదటి వారంలో సాంకేతిక సమావేశం పెట్టారు. అజెండాలో ఒకటే అంశం: నెలకు రెండడుగుల ఆరోహణకు తగిన యంత్రం. పదకొండు మంది మాట్లాడారు. ఒకాయన గడియారం ముల్లుకు రెక్కలు కట్టమన్నాడు. మరొకాయన వెదురు కొమ్ము మీద పెట్టి పెరిగే వరకు ఆగమన్నాడు కానీ వెదురు నియమాన్ని మించి పెరుగుతుందని అభ్యంతరం వచ్చింది. మధ్యాహ్నం దాటింది. ఇక ఓర్చుకోలేక హైమవతి అంది:

"నెలకు రెండడుగుల చొప్పున కింద ఇటుకలు పేర్చుకుంటూ పోతే సరి."

ఆవిడ వెటకారంగానే అంది. కానీ సమావేశపు కార్యక్రమాల నమోదులో వెటకారానికి గడి లేదు. రూపశిల్పి సూచన ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అని రాసుకున్నారు. పన్నెండు సీట్ల పొట్టి విమానం ఒళ్ళు ఒకటి తయారుచేయించి, ఇంజన్ అవసరం కనబడనందున తీసేయించి, పత్రంలో పరీక్షా స్థలంగా రాసి ఉన్న నక్కెరలంకకు రెండు పెద్ద బల్లకట్టు పంట్ల మీద చేర్చారు. ముక్కు మీద నినాదం రాయించారు. దాన్నీ గవరయ్యే కొట్టి ఇచ్చాడు కాబట్టి 'నిదానమె ప్రధానం' అని పడింది.

అప్పలకొండ అనే తాపీ మేస్త్రీని పిలిపించారు. విమానాన్ని పైకి లేపేది ఎవరో వారే పైలట్ అని నియమావళి కనుక, ఆయన ఉద్యోగ పత్రంలో పైలట్ అని పడింది. తాపీ పట్టుకొని, తలపాగా చుట్టుకొని అక్టోబరు ఒకటో తారీఖున ఆయన విమానాన్ని జాకీలతో ఎత్తి నాలుగు మూలలా రెండడుగుల ఇటుక దిమ్మలు కట్టాడు. త్రివిక్రమరావు టేపుతో కొలిచి, విమానం గాలిలోకి లేచినట్లు పత్రికలకు ప్రకటన ఇచ్చాడు.

ఆ సాయంత్రం రేవులో బుల్లియ్య హైమవతిని పడవెక్కించుకున్నాడు.

"ఇదేనా అండి అమ్మగారూ, ఇమానం?"

హైమవతికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మనిషి తన నమ్మకాన్ని ఒక ఆఫీసు గుమ్మంలో చెప్పులతోపాటు విడిచి వచ్చాడు, ఆ ఆఫీసు తనది. ఏడుపొచ్చింది. ఏడవకుండా వెనక్కి తిరిగి లంక వైపు చూసింది. నాలుగు దిమ్మల మీద విమానం, దాని పక్కన ఆ మట్టిదిబ్బ. విమానం వీపు, దిబ్బ నెత్తి ఇంచుమించు ఒకే ఎత్తున్నాయి.

"బుల్లియ్యా, మొన్న వరద దిబ్బ దగ్గర ఎంతొచ్చింది?"

"పన్నెండడుగులండి. మా తాత కాలంలో పద్నాలుగొచ్చిందంట."

హైమవతి వేళ్ళు మడిచింది. అక్టోబరు నుంచి జూలై దాకా పది నెలలు. నెలకు రెండడుగులు. మళ్ళీ ఒకసారి మడిచి చూసుకుంది.

మర్నాడు ఆవిడ పత్రం తెరిచి, తన వాక్యాన్ని కార్యదర్శి చదివినట్టే చదివింది. నెలకు ఎంత ఎత్తు లేవాలో ఉంది. కింద ఎంత వెడల్పు ఉండాలో ఎక్కడా లేదు.

ఆ తరువాత గీసిన అరుగంత శ్రద్ధగా హైమవతి ఏ విమానమూ గీయలేదు. నెలనెలా పాత దిమ్మల మధ్య పూడ్చి గట్టి అరుగు చేయడం, దాని మీద విమానాన్ని కొత్త దిమ్మలతో మరో రెండడుగులు లేపడం. అరుగు పొడవు నూటయాభై అడుగులు, వెడల్పు నూరు. ఇంత ఎందుకని సంఘం అడిగితే, ఎత్తుకు పోయే విమానానికి గాలి ఒత్తిడి ఎక్కువని రాసింది. నాలుగు పక్కలా మెట్లు గీసి వాటిని ఆరోహణ సూచికలు అంది. పడవలు కట్టడానికి ఇనుప కొంకీలు పెట్టించి వాటిని లంగరు పరికరాలు అంది. పైన రెండు గదులు గీసి, ఒకదాన్ని ఇంధన గది అంది. అందులో ఫ్రిజ్ పెట్టించి, పాముకాటు మందు సీసాలు సర్దించింది. ప్రయాణంలో ఉన్న విమానానికి పరిచారిక ఉండి తీరాలన్న నియమం చూపించి, మరియమ్మ అనే నర్సును విమాన పరిచారికగా వేయించింది. సంఘం అన్నిటికీ సంతకాలు పెట్టింది. మొదటి పేజీలో నెలకు రెండడుగులని ఉన్నంతకాలం వాళ్ళకు దేనిమీదా అనుమానం రాలేదు.

మార్చిలో తనిఖీకి వచ్చిన త్రివిక్రమరావు మాత్రం ఒక్కచోట ఆగాడు. అరుగు నిండా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి.

"గాలిలో ఉన్న విమానం దగ్గర ఇవేమిటమ్మా?"

"ప్రయాణికుల సామానండి," అంది హైమవతి.

"అలాగైతే తూకం వేయించండి," అని ఆయన మెట్లు దిగాడు. విమానం ఆరు నెలలుగా ఎడతెగకుండా ఎగురుతున్నదని, ఇది ఏ దేశానికీ చేతకాని పని అని ఆయన పై అధికారులకు రాశాడు. అబద్ధమని ఎవరూ నిరూపించలేకపోయారు. దిగింది చూసినవాడు లేడు కదా.

వరద జూలై ఇరవై ఎనిమిదో తారీఖున వచ్చింది. హైమవతి ముందురోజే లంకకు వెళ్ళి ఉంది. పొద్దున ఎనిమిదింటికి రేవు మునిగింది, పదకొండింటికి వీధులు. డప్పు వేయించేసరికి మూడు వందల పన్నెండు మంది, ఆవులతో, మూటలతో ఆరోహణ సూచికలెక్కి పైకి వచ్చారు. నీళ్ళు ఇళ్ళ చూరులు దాటి పద్నాలుగు అడుగుల దగ్గర ఆగాయి. అరుగు పద్దెనిమిది అడుగుల మీదుంది. విమానం ఇరవై మీదుంది. దాని పన్నెండు సీట్లలో బాలింతలు కూర్చున్నారు. పైలట్ అప్పలకొండ తలపాగా తీసి చంటిబిడ్డ కింద పరిచాడు.

రెండో రోజు మధ్యాహ్నం పాములూ మెట్లెక్కాయి. సత్తెమ్మ అనే ఆవిడను గడ్డిమోపు సర్దుతుండగా ఒకటి కరిచింది. గట్టు మీది డాక్టరు ఫోన్లో చెబుతూ ఉంటే మరియమ్మ ఇంధన గదిలో మందెక్కించింది. బుల్లియ్య ఆ గది గుమ్మంలో కూర్చుని రాత్రి దాకా కదల్లేదు. తెల్లారి సత్తెమ్మ కళ్ళు తెరిచి టీ అడిగిందని చెప్పినప్పుడు, ఆయన లేచి వెళ్ళి విమానం రెక్క కింద నిలబడి ఏడ్చాడు. అది మొహమాటం లేని ఏడుపు. హైమవతి పక్కనే నిలబడి, మొట్టమొదటిసారి తను గీసిన రెక్కను చేత్తో పట్టుకుంది.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ పరిషత్తుకు ఇక్కడే మొదలైంది.

ఒక్క ప్రాణమూ పోలేదన్న వార్త పత్రికల్లో రాగానే త్రివిక్రమరావుకు సన్మానం తలపెట్టారు. గవరయ్య కొట్టిన సన్మాన పత్రం చదివి ఆయన కుర్చీలోంచి లేచాడు. అందులో 'శ్రీ వెమవరపు' అని ఉంది. ఏడాదిగా మెము అన్నా, కెంద్రం అన్నా చలించని మనిషి ఇంటిపేరు దగ్గర చలించాడు. సామగ్రి విభాగం నుంచి కొత్త కీబోర్డు మధ్యాహ్నం భోజనాల లోపు వచ్చింది.

గవరయ్య ఆనందానికి మేర లేకపోయింది. పెండింగులో ఉన్న ప్రతి పత్రాన్నీ బయటకు తీసి, ఏత్వాలన్నీ పెట్టి మళ్ళీ కొట్టి సంఘానికి పంపేశాడు. వాటిలో హైమవతి పాత సవరణ కూడా ఉంది. 'నెలకు' అని ఉన్న చోట 'నేలకు' అని సవరించి చదువుకోగలరు. అది ఒక్క పూటలో ఆమోదం పొందింది. అడిగినప్పుడు పెట్టని దేవుడు వద్దన్నప్పుడు వడ్డించాడు.

"విషయం గంభీరమైనది," అన్నాడు త్రివిక్రమరావు. "నియమం ప్రకారం విమానం నేలకు రెండడుగుల ఎత్తులో ఉండవలెను. ప్రస్తుతం ఇరవై ఉన్నది. పద్దెనిమిది అడుగుల అతిక్రమణ. అరుగు తొలగించి విమానాన్ని దించవలసి ఉంటుంది. మీరు కోరిన సవరణే కదా అమ్మా."

ఆ అరుగు మీద ఇంకా ఆవుపేడ మరకలు ఆరలేదు.

కొలతల కోసం మర్నాడే లంకకు బయలుదేరారు. వరద తీసింది కానీ బురద తీయలేదు. త్రివిక్రమరావు పంచె ఎగ్గట్టి మెట్లెక్కి, అరుగు మీద కుర్చీ వేయించుకొని, వెంట తెచ్చిన కంప్యూటరు, కొత్త కీబోర్డు ముందు గవరయ్యను కూర్చోబెట్టి, టేపు ఒక కొస తను విమానం పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. రెండో కొస బుల్లియ్య చేతికిచ్చాడు.

"నేల మీద పెట్టవయ్యా."

బుల్లియ్య వంగి కొసను అరుగు మీద పెట్టాడు. "రెండడుగులండి."

"అక్కడ కాదు. నేల మీద పెట్టమన్నాను."

"నేల మీదే పెట్టేనండి."

"అది అరుగు. నేలంటే అదిగో, ఆ కింద."

బుల్లియ్య కిందికి చూశాడు. బురదలో ఇళ్ళ గోడలు సగం సగం నిలబడి ఉన్నాయి. పాత మట్టిదిబ్బ కరిగి కనబడకుండా పోయింది.

"అది గోదారిదండి బాబూ. దానిష్టం, ఇత్తాది, తీసుకుంటాది. మా సంద్రమ్మ దానిమీదే పోయింది." కొస మీద బొటనవేలు అదిమి పట్టుకొని అన్నాడు. "మూడొందలమందిమి ఐదు రోజులు కాళ్ళు మోపింది దీనిమీదండి. మనిసి కాళ్ళు ఆనిందే నేలండి. మాకింకో నేల లేదండి."

త్రివిక్రమరావు టేపు వంక చూశాడు, తన సంతకాలున్న పది నెలల ఫైలు వంక చూశాడు. ఆయన మొహంలో ఏదో మెత్తబడింది. అది జాలో, ఫైలు మీద భయమో హైమవతి తేల్చుకోలేకపోయింది. తేల్చుకోవలసిన అవసరమూ కనబడలేదు.

"అట్లాగైతే," అన్నాడు నెమ్మదిగా, "మనం నియమాన్ని ఎన్నడూ అతిక్రమించలేదన్నమాట."

"మొదటి నెల నుంచీ లేదండి," అంది హైమవతి. "నేల పెరుగుతూ వచ్చింది. విమానం రెండడుగుల మీదే ఉంది."

"నేల పెరగడానికి పరిషత్తు బాధ్యత వహించదు. అది ప్రకృతి." ఆయన గొంతు తిరిగి కార్యదర్శిది అయింది. "గవరయ్యా, రాసుకో. స్థల పరిశీలన జరిపి, స్థానికుల వాంగ్మూలం నమోదుచేసి, అరుగే నేల అని నిర్ధారించడమైనది. నేలను తొలగించు అధికారం ఈ పరిషత్తుకు లేదు."

గవరయ్య ఒక్కొక్క మీటే నొక్కాడు. ఆ మాట దగ్గరకు వచ్చాక కొత్త మీట మీద వేలు పెట్టి, తప్పు పోతుందేమోనని కాసేపు ఆగి, నొక్కాడు. తెర మీద 'నేల' అని పడింది.

"చూడమ్మా, సరిగ్గా పడిందా?"

హైమవతి వంగి చూసింది. బుల్లియ్య ఇంకా టేపు కొస వదల్లేదు.

"పడింది గవరయ్యా," అంది. "ఇక దాన్ని ముట్టుకోకు."